శుక్రవారం భోజనంలో హెడ్మాస్టారు

నెల మెనూ కాగితంలో మా హెడ్మాస్టారు కనిపించినప్పుడు నేను ముల్లంగి చెక్కు తీస్తున్నాను. ఎనభై ముగ్గురు పిల్లలు, పదకొండుమంది పెద్దలు, వెరసి తొంభై నాలుగు పళ్ళేలకి సరిపడా ముల్లంగి. ఆ పనిలో ఉన్న మనిషికి ఎవరు ఏ కాగితం అందించినా చిరాకే వస్తుంది. పైగా నాకు చిరాకు పుట్టుకతోనే ఉంది. తొనెజాకి ప్రాథమిక పాఠశాల వంటగదిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా వండుతున్నాను. నా పేరు తొకిఎ. పిల్లలు ఎదురుగా ఉంటే వంటత్తా అంటారు. వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు.

కాగితం తెచ్చింది మిజుహో. మా బడికి పోషకాహారం టీచరు. ఎవరికి ఎన్ని కేలరీలు, ఎవరికి గుడ్డు పడదు, ఎవరికి పాలు పడవు, అంతా ఆ అమ్మాయి చూసుకుంటుంది. నవంబరు చివరి శుక్రవారం గడిలో ఇలా ఉంది: అన్నం, మిసో చారు, పాలు, అల్లంతో ఉడికించిన హెడ్మాస్టారు.

"ఇదేంటమ్మాయ్?" అన్నాను.

"పుస్తకాల పండగ భోజనం, తొకిఎ గారూ. పిల్లలు ఎంచుకున్నదే."

"ఇది వంటకమా?"

"పద్నాలుగో పేజీలో ఉందండీ. నేను కళ్ళారా చూశాను. అల్లం సన్నగా తరగాలట."

నా చేతిలో కత్తి ఉంది కాబట్టి అక్కడితో ఆపి మళ్ళీ ముల్లంగి అందుకున్నాను. కత్తి చేతిలో ఉన్నప్పుడు గొడవ పడకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం.

ఈ గొడవంతా సెప్టెంబరులో మొదలైంది. మా హెడ్మాస్టారు ఒనోదెరా గారు ఒకరోజు వడ్డింపు కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టు ముందుకి వంగి ఉంటారు. మార్చిలో రిటైరవుతున్నారు.

"తొకిఎ గారూ, నేను పంతులుగిరీలోకి వచ్చి ముప్పై ఏడేళ్ళయింది. పిల్లల్లో ఒక్కళ్ళు, ఒకే ఒక్కళ్ళు, పుస్తకం ఆఖరి పేజీ దాకా చదివి, దాన్ని మూసి, కాసేపు ఊరికే అలా కూచోవడం చూడాలని ఉందండీ. ఇంతవరకు చూడలేదు. గంట కొట్టగానే మూసేస్తారు, బొమ్మలు చూసి మూసేస్తారు. వెళ్ళిపోయేలోగా ఒక్కసారి చూస్తే చాలు."

"దానికి నేనేం చెయ్యాలి?" అన్నాను. ఆ మాట కాస్త మెత్తగా అనాల్సింది. మెత్తగా అనడం నాకు రాదు.

ఆయన అడిగింది పెద్ద కోరికేమీ కాదు. చాలా బళ్ళల్లో చేసేదే. పుస్తకాల పండగప్పుడు ఏదో ఒక కథలో వచ్చే తిండి వండి పెడతారు. కథలో ఎలుగుబంటి గుమ్మడికాయ పులుసు తాగితే మధ్యాహ్నం పిల్లలకీ గుమ్మడికాయ పులుసే. దాంతో పిల్లలకి ఆ పుస్తకం మీద ఆశ పుడుతుందని టీచర్ల నమ్మకం. అంతవరకూ బాగానే ఉంది. కానీ మా ఒనోదెరా గారు మంచాయన, మంచివాళ్ళు ఎప్పుడూ ఒక అడుగు ఎక్కువే వేస్తారు. పుస్తకాన్ని మనం ఎంచడమెందుకు, పిల్లల్నే ఎంచుకోమందాం అన్నారు. అక్టోబరులో రెండు వారాలు గడువు. గ్రంథాలయంలోంచి ఏ పుస్తకాన్ని ఎక్కువమంది పిల్లలు తీసుకుంటే దాంట్లో ఉన్న తిండి పండగ భోజనం.

మొదటి మూడు రోజులు గుమ్మడికాయ ముందుంది. నాలుగో రోజు ఎవడో అడుగు అరలోంచి ఒక పాత పుస్తకం బయటికి లాగాడు. అట్ట మీద రాసినవాళ్ళ పేరు కూడా చెరిగిపోయింది. కొండ మీది రాక్షసుడి కథ. పద్నాలుగో పేజీలో ఆ రాక్షసుడు ఒక హెడ్మాస్టారిని అల్లంతో ఉడికించుకుని తింటాడు.

ఇంకేముంది! గ్రంథాలయం ముందు వరుస. మా బడి చరిత్రలో అక్కడ వరుస కట్టడం అదే మొదలు. అంతకుముందు ఎప్పుడైనా నలుగురు కనిపించారంటే బయట వాన పడుతున్నట్టు లెక్క. పుస్తకం ఒక్కటే ఉంది. ఒకడు తీసుకుంటాడు, కార్డు మీద ముద్ర, తిరిగిచ్చేస్తాడు, మళ్ళీ ముద్ర, వెనకవాడు తీసుకుంటాడు. ముద్ర వేసేది ఆరో తరగతి హినానో, గ్రంథాలయ కమిటీ అధ్యక్షురాలు. చేతికి ఆకుపచ్చ పట్టీ, మొహంలో నవ్వన్నది లేదు. పెద్దయ్యాక ఏదో ఒక సర్కారు కచేరీలో మనల్ని మళ్ళీ రేపు రమ్మనే మనిషి అవుతుంది, చూస్తుండండి. రెండు వారాలయ్యేసరికి ఎనభై మూడింటికి ఎనభై మూడూ ముద్రలు పడ్డాయి. ఫలితం చీటీ మీద రాసి మిజుహోకి ఇచ్చింది. మిజుహో ఆ చీటీలో ఉన్నది ఉన్నట్టు మెనూలో ఎక్కించింది. అసిస్టెంటు హెడ్మాస్టరు తబాతా ముద్ర వేశాడు. హెడ్మాస్టారు ముద్ర వేశారు. అచ్చయి అరవై ఒక్క ఇళ్ళకి వెళ్ళిపోయింది, అరవై ఒక్క ఫ్రిజ్‌ల తలుపులకీ అంటుకుంది.

అచ్చయిన మెనూ మారదు. ఇది తెలియని వాళ్ళకి నేనేం చెప్పినా అర్థం కాదు. కిందటేడు తుపానుకి పడవ రాక, బంగడా చేప బదులు కోడి వండినందుకు ఇంటింటికీ మూడు క్షమాపణ ఉత్తరాలు వెళ్ళాయి. మూడోది తబాతా చేత్తో రాశాడు.

ముల్లంగి పని అయ్యాక చేతులు తుడుచుకుని తిన్నగా హెడ్మాస్టారి గదికి వెళ్ళాను.

"మీరు ఈ కాగితం చూసే ముద్ర వేశారా?"

"చూశానండీ." ఆయన తల దించుకున్నారు. "హెడ్మాస్టారు అన్న మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ ముద్ర వేయడం అలవాటైపోయింది. ఆ రోజు ముద్ర కాస్త ఎత్తులో పడిందేంటా అనుకున్నాను."

"అయితే ఇప్పుడు కాదనండి! పొరపాటైందని చెప్పండి! పిల్లలు నవ్వుకుని ఊరుకుంటారు."

"వాళ్ళు నవ్వడం లేదు, తొకిఎ గారూ. మీరు గమనించారో లేదో. వాళ్ళు నిజమనే అనుకుంటున్నారు. ఎనభై ముగ్గురు పిల్లలు ఒక పుస్తకం కోసం వరుస కట్టారు. ఇప్పుడు నేను కాదంటే, పుస్తకంలో రాసిందంతా ఉత్తదే, మీరెందుకు పట్టించుకున్నారు అని నా నోటితో నేనే చెప్పినట్టు. ఇక వాళ్ళు పుస్తకం ముట్టుకుంటారా?"

"మీరే లేకపోతే ముట్టుకుంటే ఎంత, ముట్టుకోకపోతే ఎంత?"

"నేను ఎలాగూ మార్చిలో వెళ్ళిపోయేవాణ్ణే కదండీ."

ఒళ్ళు మండిపోయింది. తలుపు దడాలున వేసి వచ్చేశాను. మంచితనం మీద నాకున్న కోపం నా జన్మలో తీరదు.

ఆ తర్వాత అంతా ఎవరి పని వాళ్ళు చాలా శ్రద్ధగా చేశారు. నాకు భయమేసింది అందుకే. ఒక్కరైనా బద్ధకించి ఉంటే ఎక్కడో ఒక చోట ఆగిపోయేది.

ఇళ్ళ నుంచి పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. అందులో పదకొండు అలర్జీల గురించి. "మా వాడికి సోబా పిండి పడదండీ, హెడ్మాస్టారు సోబా తింటారా?" అని ఒక తల్లి. ఒనోదెరా గారు ఆ రోజు నుంచి సోబా సేమ్యాలు మానేశారు, పాపం అవంటే ఆయనకి ప్రాణం. ఒక తండ్రి ఎముకలు తీసి పెడతారా అని అడిగాడు. ఒక ముసలావిడ స్వయంగా కిటికీ దగ్గరికొచ్చి, "అల్లం ఎందుకే, మా రోజుల్లో పుల్లటి ఉమె పళ్ళ ఊరగాయ వేసి ఉడికించేవాళ్ళం" అంది. "ఎవర్నమ్మా?" అన్నాను. "చేపల్ని" అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూస్తూ.

మిజుహో లెక్క వేసుకుని వచ్చింది. ఆ పిల్ల మొహం వాడిపోయింది.

"హెడ్మాస్టారు అరవై ఒక్క కిలోలండీ. ఆయన ఎలాగూ తినరు కాబట్టి తొంభై మూడు పళ్ళేలు. పళ్ళేనికి ఆరువందల యాభై గ్రాముల పైన పడుతోంది. మూడో తరగతి పిల్లలకి తలా అరవై గ్రాములు దాటకూడదు. మాంసకృత్తులు మరీ ఎక్కువైపోతాయి."

"అయితే పదో వంతు చాలుగా" అన్నాడు తబాతా. ఆయన పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. ఏ చిక్కుకైనా పరిష్కారం కనిపెట్టి, దాంతో ఇంకో చిక్కు తెస్తాడు.

"ఏ పదో వంతు?" అన్నారు ఒనోదెరా గారు, నిజంగా తెలుసుకోవాలని.

"మిగతా తొమ్మిది వంతులూ డిసెంబరు మెనూలో సర్దుకోవచ్చు."

"నా వంటగదిలో మర్నాటికి ఏదీ మిగలదు!" అని అరిచాను. "ఆ రోజు వచ్చిన సరుకు ఆ రోజే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పద్ధతి. ఫ్రీజర్లో హెడ్మాస్టారిని దాచేది లేదు."

ఇలా అరిచాక గానీ నాకు తట్టలేదు, నేను కూడా వాళ్ళతో కలిసి వంట గురించే మాట్లాడుతున్నానని. సిగ్గేసింది. కానీ అప్పటికే మిజుహో నా మాట రాసుకుంది: నిల్వ వద్దు, మొత్తంగా ఉడికించి చారు మాత్రం కొలత ప్రకారం వడ్డించాలి.

స్థానిక సరుకుకి మెనూలో పక్కన ఆకు గుర్తు వేస్తాం. ఒనోదెరా గారు పుట్టింది పక్క జిల్లాలో కాబట్టి ఆకు వేయడానికి వీల్లేదని తేలింది. ఈ ఒక్క విషయానికే ఆయన కాస్త నొచ్చుకున్నారు. "ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి నీళ్ళే తాగుతున్నాను, సగం ఆకైనా వేయకూడదా?" అన్నారు. వేయలేదు.

వంటగదిలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ మల పరీక్ష ఉంటుంది. ఆయన తన సీసా మీద పేరు రాసి, మా సీసాల పక్కన పెట్టి వెళ్ళారు. వండే ప్రతి సరుకులోంచీ యాభై గ్రాములు పచ్చిది తీసి రెండు వారాలు గడ్డకట్టించి ఉంచాలి, రేపు ఎవరికైనా కడుపునొప్పి వస్తే పరీక్షకి. ఆ మాట నేను అడగలేదు, ఆయనే వచ్చి అడిగారు. "చెవి తమ్మె సరిపోతుందా?" అన్నారు. "ఫోండి!" అన్నాను. హెడ్మాస్టారిని ఫో అన్నది మా బడిలో నేనొక్కదాన్నే.

ఇక పిల్లలు. మీరు వాళ్ళని రాక్షసులనుకుంటున్నారేమో. కాదు. వాళ్ళకీ లోపల గుబులుగానే ఉంది. వడ్డింపు కిటికీ దగ్గర ఒకడు నెమ్మదిగా, "వంటత్తా, శుక్రవారం నాకు కొంచెమే వెయ్యి" అన్నాడు. ఒకత్తి "చర్మం కూడా తినాలా?" అంది. కానీ ఒక్కళ్ళు కూడా వద్దనలేదు. ఎలా అంటారు? ఈ బడిలో మొదటి తరగతి మొదటి రోజు నుంచి వాళ్ళకి మేం నేర్పేది ఒక్కటే: ఇష్టాయిష్టాలు ఉండకూడదు, పళ్ళెంలో పెట్టింది మిగల్చకూడదు, వండినవాళ్ళకి దణ్ణం పెట్టి మొత్తం తినాలి. నేనే గోడ మీద అట్ట రాసి అంటించాను. వద్దనడం ఎలాగో మా పిల్లలకి మేం నేర్పలేదు.

ఒక్క పిల్లకి తప్ప. దానికి ఎవరూ నేర్పకుండానే వచ్చు. మూడో తరగతి సుజునె. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ ఎనిమిదేళ్ళ ఆ పిల్ల నాకు శత్రువు. వాకామె నాచు తినదు, పుట్టగొడుగు తినదు, చేప ఉంటే కన్ను చూసి తినదు. అందరూ పళ్ళేలు కడిగి బెంచీలు వెనక్కి జరిపి గది ఊడుస్తుంటే, ఆ దుమ్ములో ఇది పళ్ళెం ముందేసుకుని కూచుంటుంది. పక్కన చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని మా ఒనోదెరా గారు. "సుజునె గారూ, ఒక్క ముద్ద." అది ఒక ముద్ద మింగుతుంది. "సుజునె గారూ, ఇంకొక్కటి." రోజూ ఇంతే. రోజూ ఆఖరున నా దగ్గరికొచ్చే పళ్ళెం దానిదే. ఏం చూసుకుని నీకీ పొగరు, నా వంటకేం తక్కువ అని నాకు లోపల్లోపల కుతకుతగా ఉండేది.

శుక్రవారం వచ్చింది.

పదిన్నరకి పిల్లలందర్నీ వంటగది అద్దాల ముందు వరుసగా నిలబెట్టారు. తిండి ఎలా తయారవుతుందో చూడటం కూడా పాఠమేనని తబాతా ఏర్పాటు. ఆయన చేతిలో సొంత చాప్‌స్టిక్స్ ఉన్నాయి. పిల్లలకి వడ్డించే అరగంట ముందు హెడ్మాస్టారు రుచి చూసి పుస్తకంలో సంతకం చేయాలని రూలు. హెడ్మాస్టారు అందుబాటులో లేకపోతే అసిస్టెంటు హెడ్మాస్టరు. హెడ్మాస్టారు గంగాళంలో ఉంటే అందుబాటులో ఉన్నట్టా లేనట్టా అని ఆయన రెండు రోజులు ఆలోచించి, లేనట్టే అని తేల్చుకున్నాడు.

ఒనోదెరా గారు తెల్ల టోపీ, మాస్కు, తెల్ల బూట్లతో వచ్చారు. ఒంటి మీద రాలిన వెంట్రుకలేమైనా ఉంటాయని జిగురు రోలరు తీసుకుని తనే రుద్దుకున్నారు. వీపు అందకపోతే మిజుహో రుద్దింది. ఆ పిల్ల ఏడుస్తూనే రుద్దింది, పైనుంచి కిందికి, పద్ధతి ప్రకారం. ఆయన బూట్లు విప్పి జతగా పెట్టి, మా పెద్ద గంగాళంలోకి దిగి కూచున్నారు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. నూట ఇరవై లీటర్ల గంగాళం అది, ఆయనకి కొలిచి చేయించినట్టు సరిపోయింది. నేను గోరువెచ్చటి నీళ్ళు వదిలాను. అల్లం వేశాను, సన్నగా తరిగే వేశాను. చేతులు వాటంతట అవే పనిచేస్తాయి. అదే నాకున్న రోగం.

"కమ్మటి వాసన" అన్నారు ఆయన, నన్ను ఊరడించడానికి.

"మాట్లాడకండి!" అన్నాను. కళ్ళల్లో నీళ్ళు. ఉల్లిపాయలు కోయలేదు, వంక పెట్టుకోవడానికి కూడా ఏమీ లేదు.

పదీ నలభైకి పొయ్యి వెలిగిస్తే తప్ప పన్నెండుంబావుకి పళ్ళేల్లోకి రాదు. గ్యాస్ మీట మీద చెయ్యి వేశాను. చెయ్యి తిరగడం లేదు.

"వెలిగించండి తొకిఎ గారూ. పిల్లలకి మాటిచ్చాం."

"మీరిచ్చారు, నేనివ్వలేదు!"

"టైము అయిపోతోంది" అన్నాడు తబాతా గడియారం చూసుకుంటూ. "ఆలస్యమైతే మళ్ళీ ఉత్తరం రాయాలి."

అప్పుడు అద్దం అవతల నుంచి ఒక గొంతు. పెద్ద గొంతేమీ కాదు.

"నేను తినను."

సుజునె. వరుసలోంచి ఒక అడుగు ముందుకొచ్చి నిలబడింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. అక్కడున్న ఎనభై రెండు తలలూ దాని వైపు తిరిగాయి. ఆ మాట ఈ బడిలో నోటితో పైకి అన్నవాళ్ళు లేరు. అది కూడా ఎన్నడూ అనలేదు, ఊరికే కూచునేది, అంతే.

"ఇష్టాయిష్టాలు ఉండకూడదమ్మా" అన్నాడు తబాతా. "ఒక్క ముద్ద."

"ఒక్క ముద్ద కూడా తినను."

గంగాళంలోంచి ఒనోదెరా గారు తల పైకెత్తారు. ఆయన మొహం చూస్తే, నిజంగా చెప్తున్నాను, కాస్త నొచ్చుకున్నట్టే ఉంది. "అల్లం పడదా సుజునె గారూ?"

"అల్లం కాదు. ఆఖరి పేజీ బాగాలేదు."

"ఏ ఆఖరి పేజీ?"

అది అద్దానికి ముక్కు ఆనించి ఆయన్ని చూసింది. తర్వాత, నమ్మలేనట్టు, "మీరు చదవలేదా?" అంది.

ఒనోదెరా గారు తబాతా వైపు చూశారు. తబాతా మిజుహో వైపు చూశాడు. "నేను పద్నాలుగో పేజీ చూశానండీ, వంట ఉన్నది" అంది మిజుహో. అందరం హినానో వైపు చూశాం. హినానో చేతిపట్టీ సర్దుకుంది. "నేను ముద్రలు లెక్కపెట్టాను" అంది. "చదవాలని రూల్లో లేదు. తీసుకోవాలనే ఉంది. అందరూ తీసుకుని వెంటనే ఇచ్చేశారు. ఈ సుజునె ఒక్కతే మూడు రోజులు అట్టిపెట్టుకుంది. గడువు దాటిందని ఎర్ర చీటీ కూడా పంపాను."

పిల్లలు నేల చూపులు చూస్తున్నారు. పెద్దవాళ్ళం మేమూ అంతే. చదవండి చదవండి అని రెండు నెలలు ఊదరగొట్టి, దాని పేరు మీద ఒక మనిషిని నీళ్ళల్లో కూచోబెట్టామే గానీ, పద్దెనిమిది పేజీల పుస్తకం ఒక్కళ్ళం పూర్తిగా చదవలేదు. నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

సుజునె వీపు వెనకాల దాచుకున్నది ముందుకి తీసింది. ఆ పుస్తకమే. "ఆఖరిది ఒక్కటి చదువుతాను" అని, ఎవరి అనుమతీ అడక్కుండా తలుపు తోసుకుని నా వంటగదిలోకి వచ్చింది. బయటి బూట్లతో! ఇంకో రోజైతే రెక్క పట్టుకుని బయటికి ఈడ్చేదాన్ని. ఆ రోజు పక్కకి జరిగి దారిచ్చాను.

అది చదివింది. చాలా నెమ్మదిగా చదువుతుంది, తినడంలాగే, ఒక్కో మాటా నములుతున్నట్టు.

"రాక్షసుణ్ణి చూసి అందరూ రాక్షసుడు రాక్షసుడు అని పారిపోయేవాళ్ళు. నీ పేరేంటి నాయనా అని అడిగింది హెడ్మాస్టారొక్కడే. రాక్షసుడు తన పేరు చెప్పాడు. తర్వాత ఆయన్ని తినేశాడు. చాలా రుచిగా ఉన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆ పేరుతో రాక్షసుణ్ణి ఎవరూ పిలవలేదు."

పేజీ మా వైపు తిప్పి చూపించింది. పేజీ నిండా మంచే. ఆ తెల్లదనంలో కింద మూలకి, వేలి గోరంత రాక్షసుడు, ముడుచుకుని కూచుని ఉన్నాడు.

"ఇది నాకు గొంతు దిగలేదు" అంది. "మూడు రోజులు చూశాను. దిగలేదు." గంగాళం దగ్గరికి ఇంకో అడుగు వేసింది. "మీరు లేకపోతే అన్నం దగ్గర నా పక్కన ఎవరు కూచుంటారు? నా పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? నేను తినను. చారు కూడా తాగను."

"నేను కూడా తినను" అన్నాడు కొంచెమే వెయ్యి అన్నవాడు. "నేనూ." "నాకూ వద్దు." ఎనభై ముగ్గురికీ ఒక్క నిమిషంలో వచ్చేసింది, మేమెవ్వరం నేర్పని ఆ మాట. అద్దాలు అదిరిపోయేలా అరిచారు. హినానో కూడా అరిచింది, ముందు పట్టీ తీసి జేబులో పెట్టుకుని. తబాతా చాప్‌స్టిక్స్‌ని పెట్టెలో పెట్టేసుకున్నాడు.

ఒనోదెరా గారు గంగాళంలో ఏడుస్తున్నారు. మాస్కు తడిసి మొహానికి అతుక్కుపోయింది. బతికిపోయినందుకు కాదు. అది నాకు తెలుసు, ఆయన చూపు సుజునె మీద లేదు, పుస్తకం మూసి దాని మీద పెట్టుకున్న ఆ చిన్న చేతుల మీద ఉంది. అది చదవడం అయిపోయి, పుస్తకం మూసి, ఎవర్నీ చూడకుండా, ఊరికే అలా నిలబడి ఉంది.

"సుజునె గారూ" అన్నారు, గొంతు సవరించుకుని. "మొదటి పేజీ నుంచి చదువుతారా?"

"ముందు దిగండి! నీళ్ళు చల్లారిపోతున్నాయి" అన్నాను.

"ఇక్కడ బాగుందండీ. చదవనివ్వండి."

పిల్లలు ఒక్కొక్కళ్ళే లోపలికొచ్చారు, అందరూ బయటి బూట్లతోనే. గంగాళం చుట్టూ తడి నేల మీద కూలబడ్డారు. మిజుహో టోపీ తీసేసి వాళ్ళ మధ్యలో కూచుంది. పన్నెండుంబావుకి పెట్టాల్సిన భోజనం అసలు పొయ్యి ఎక్కలేదు. ఉత్తరం రాయాల్సి వస్తుందని తబాతా గొణుగుతూనే ఒక మూల చోటు చూసుకుని కూచున్నాడు. నేను గ్యాస్ మీట బిగించి, బకెట్ బోర్లించి దాని మీద కూచున్నాను. పదమూడో పేజీ దాకా ఏం జరిగిందో నాకూ తెలియదు మరి.